పదకొండు ఫ్రేములు

విశాలాక్షి నడుము నొప్పికి కెనడాలో ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు పెట్టారు. ఆ నొప్పి అసలు పేరు ఆవిడకు ఎప్పుడో తెలుసు. దాని పేరు నెగెటివ్ కటింగ్. మద్రాసు వడపళనిలో ఒక ల్యాబులో, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పంతొమ్మిదేళ్ళు వంగి కూర్చుంటే ఎవరి నడుమైనా అంతే.

ఆ పనేమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. ఎడిటరు కాపీ మీద కోసుకుని, అతికించుకుని, ఇదీ సినిమా అని తేలుస్తాడు. ఆ తర్వాత అసలు నెగెటివ్‌ను అదే లెక్కన కోసి అతికేది ఈ ఆడవాళ్ళు. తెల్ల గ్లవ్స్, కత్తెర, సిమెంటు అని పిలిచే ఫిలిం జిగురు సీసా. ఒక్క ఫ్రేము తప్పు కోశారా, ఇంకో నెగెటివ్ ఉండదు, హీరోగారు మళ్ళీ ఆ ఫైటు చేయరు. అలా రెండు వందల పైచిలుకు సినిమాలు కోసింది విశాలాక్షి. షూటింగుకు ఇల్లిచ్చినవాళ్ళకూ, భోజనం పెట్టిన మెస్సుకూ తెర మీద కృతజ్ఞతలు పడేవి గానీ ఆ బల్ల దగ్గరి ఆడవాళ్ళ పేరు ఒక్కసారి పడితే ఒట్టు. ల్యాబు పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో పడేది. దాని ఓనరు బొంబాయిలో ఉండేవాడు.

డిజిటల్ వచ్చింది, ల్యాబు మూతపడింది. భర్త శేషగిరి సాఫ్ట్‌వేర్ కంపెనీలో లెక్కలు చూసేవాడు. అతని ఉద్యోగం వెంట పదకొండేళ్ళ క్రితం కిచెనర్ వచ్చారు. ఇక్కడ ఆవిడ చేయని పని లేదు. కాఫీ షాపులో డ్రైవ్-త్రూ కిటికీ దగ్గర నిలబడింది, గ్రోసరీ స్టోర్లో కౌంటరు చూసింది, డేకేర్‌లో పిల్లల ముక్కులు తుడిచింది. చివరికి ఒకరోజు ఆన్‌లైన్లో ప్రకటన కనబడింది. పాత సినిమాలు భద్రపరిచే సంస్థకు ఫిలిం చేత్తో ముట్టి ఎరిగిన మనిషి కావాలట. ఈ దేశంలో తన పని తెలిసిన మనిషి కావాలన్నవాళ్ళు వాళ్ళొక్కళ్ళే. అప్లై చేసింది, కాంట్రాక్టు వచ్చింది. పద్దెనిమిది నెలలు.

పని ఒకప్పటి చొక్కాల ఫ్యాక్టరీలో. ఊళ్ళో తిరిగే ఐయాన్ ట్రైన్ దిగి పది నిమిషాలు నడవాలి, చలికాలంలో ఆ పది నిమిషాలూ పది మైళ్ళు. ఇన్‌చార్జి లొరేన్ అరవై దాటిన మనిషి. తాతల కాలం నుంచీ ఆ ఊరివాళ్ళే. గొంతు ఎప్పుడూ పెంచదు, మాట ఎప్పుడూ మార్చదు. మొదటిరోజే ఒక సంగతి గట్టిగా చెప్పింది.

“విశా, ఇక్కడ ఏదీ కోయం. చిరిగితే సన్నటి టేపు వేస్తాం, పాడైతే ఫారంలో రాస్తాం. కత్తెర మాత్రం పట్టం.”

సరేనంది విశాలాక్షి. ఏడాదిపాటు ఆ మాట మీదే నిలబడింది. తీరా ఆ జనవరిలో చెయ్యి జారింది.

అదే రాష్ట్రంలోని విండ్సర్‌లో ఒక పాత థియేటరు పడగొడుతుంటే పైకప్పు సందులో ఆరు రేకు డబ్బాలు దొరికాయి. లోపల నైట్రేట్ ఫిలిం. ఆ రకం తయారీ ఆగిపోయి డెబ్బై ఏళ్ళు దాటింది. అగ్గి తగిలితే కాయితం కంటే ముందు అంటుకుంటుంది. అగ్గి తగలకపోయినా దానంతట అదే కరిగి, జిగురై, పొడై పోతుంది. మూత తీయగానే తడి సాక్సుల వాసన. సినిమా పేరున్న మొదటి రీలు లేనే లేదు. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియదు.

నాలుగో రీలు విశాలాక్షి బల్ల మీదికి వచ్చిన రోజు, పొద్దున పదిన్నరకు శేషగిరి ఫోన్ చేశాడు.

“విశాలా, నన్ను తీసేశారు. మా టీమంతా పోయింది. నువ్వు కంగారు పడకు.”

కంగారు పడలేదు ఆవిడ. ఫోన్ పెట్టేసి గ్లవ్స్ వేసుకుంది. రీలు మొదట్లో మూరెడు ఖాళీ ఫిలిం, దాని మీద సిరాతో ఏవో పాత రాతలు, ఆ వెనక బొమ్మ మొదలు. అంచున మెషీను పళ్ళు పట్టే రంధ్రాలన్నీ చిరిగిపోయాయి. బుర్రలో టీమంతా పోయింది, టీమంతా పోయింది అని ఒకటే మోత. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కత్తెర తీశాయి, చిరిగినంత మేరా కోశాయి, గీకాయి, సిమెంటు రాశాయి, మొదట్లో కొత్త ఖాళీ ఫిలిం తోక అతికాయి. మద్రాసులో ప్రింట్ల రిపేరుకు రోజూ చేసే పనే, రెండు నిమిషాల పని. అయ్యాక చూసుకుంటే ఎడమచేతిలో ముక్క వేలాడుతోంది. మూరెడు రాతల ఫిలిం, దానికి అంటుకుని పదకొండు ఫ్రేముల బొమ్మ.

కానీ ఇంకో అలవాటు కూడా ఉందిగా! ల్యాబులో ఆవిడకు పని నేర్పిన కనకదుర్గక్క ఒకటే మాట అనేది: సినిమా రిలీజయ్యేదాకా కోసిన ముక్క ఏదీ పారెయ్యకూడదే, దాన్ని చుట్టి దాచు. విశాలాక్షి ముక్కను తెల్లకాయితంలో చుట్టింది. గుర్తు తెలియని ముక్కలు వేసే రేకు డబ్బా ఒకటుంటే అందులో అట్టడుగున పెట్టింది. సాయంత్రం లొరేన్‌కు చెబుదామనుకుంది. సాయంత్రమైంది, చెప్పలేదు. మొగుడి ఉద్యోగం పోయిన రోజునే తన ఉద్యోగం కూడా పోగొట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

అక్కణ్ణుంచి నాలుగు నెలలు. పొద్దున్నే లేవడం, లేచిన దగ్గర్నుంచీ ఆ డబ్బా గుర్తుకు రావడం. శేషగిరి రోజుకు పది ఉద్యోగాలకు అప్లై చేసేవాడు, అందులో తొమ్మిది కంపెనీలు జవాబే ఇచ్చేవి కావు. అతని బీపీ మాత్రలు, ఇంటి అద్దె, ఇద్దరి ఇన్సూరెన్సు అన్నీ విశాలాక్షి కాంట్రాక్టు మీదే నడుస్తున్నాయి. అది జూన్ ఆఖరుకు అయిపోతుంది. ఏప్రిల్లో లొరేన్ పిలిచి, ఒక పర్మనెంట్ పోస్టు వస్తోందనీ, తన మనసులో ఉన్నది విశాలాక్షేననీ చెప్పింది. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. ఆవిడ వాష్‌రూంలోకి వెళ్ళి కూర్చుని, బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

మే నెలలో లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. పాత సినిమాల మీద పరిశోధన చేసే ఒకాయన రాశాడు. సంస్థ ఆన్‌లైన్లో పెట్టిన విండ్సర్ డబ్బాల బొమ్మలు చూశాడట. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఒక అమెరికా కంపెనీ లండన్లో స్టూడియో తెరిచింది. దీపాలు అమెరికావి, డైరెక్టర్లు అమెరికావాళ్ళు. కొయ్యపని, కుట్టుపని, ఫిలిం కోసి అతికే పని మాత్రం ఆ వీధుల్లోని జనానిది. లండన్ పొగమంచు స్టూడియో లోపలికి కూడా వచ్చేదట, మంచు కరిగేదాకా కెమెరా ఆపుకుని అందరూ కూర్చునేవారట. నాలుగేళ్ళు తిరక్కుండా కంపెనీ తాళం వేసి వెళ్ళిపోయింది. అక్కడ తీసిన సినిమాల్లో ఒక్కటీ ఇప్పుడు మిగల్లేదు. ఈ డబ్బాల్లోది వాటిలో ఒకటి కావచ్చు. అది రుజువైతే కాపీ తీయించడానికి అక్కడి ఫిలిం సంస్థవాళ్ళు ఒప్పుకుంటారు. రుజువు లేకపోతే ఈ రీళ్ళు వరసలో ఆఖరున నిలబడాలి, అప్పటికి జిగురైపోతాయి. చివర ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ స్టూడియోలో అతికేవాళ్ళు రీలు మొదట్లో సిరాతో నంబరు వేసేవారు, అలాంటి రాత ఎక్కడైనా కనబడిందా?

లొరేన్ ఆ ఉత్తరం అందరికీ చదివి వినిపించింది. “శుక్రవారం జవాబు రాయాలి. ఎవరైనా చూశారా?”

ఎవరూ చూడలేదన్నారు. విశాలాక్షి తన బల్ల మీది టేపు చుట్టలు సర్దుకుంది.

ఇంటికొచ్చి శేషగిరికి మొత్తం చెప్పేసింది. అతను చారులో కలుపుకున్న ముద్ద అలాగే పట్టుకుని విన్నాడు.

“ఇంకా నెల. నెల రోజులు నోరు మూసుకుంటే పర్మనెంట్, విశాలా. ఎప్పుడో వందేళ్ళ నాటి సినిమా. చూసినవాళ్ళు పోయారు, తీసినవాళ్ళు పోయారు. దానికోసం మనం రోడ్డున పడాలా?”

“పడాలని నాకు మాత్రం ఉందా ఏవండీ?”

“మరి?”

“పని చేసి నేనెప్పుడూ ఇంత అలిసిపోలేదండీ. దాచిపెట్టి అలిసిపోయాను. నావల్ల కాదు.”

శేషగిరి ముద్ద కంచంలో పెట్టేశాడు. “నీ ఇష్టం” అన్నాడు. కోపంగా అనలేదు, అదే ఆవిడకు ఎక్కువ బాధనిపించింది.

గురువారం పొద్దున విశాలాక్షి ఆ రేకు డబ్బా తెచ్చి లొరేన్ బల్ల మీద పెట్టి, కాయితం చుట్ట విప్పింది. కింద దీపం వెలిగే గాజు మీద పరిచింది. సిరా రాత కాస్త చెదిరినా తెలుస్తోంది: లండన్, నంబర్ 3, రీలు 4, అంబర్. అంబర్ అంటే ఆ భాగానికి పట్టించాల్సిన పసుపు రంగు. దాని కింద చిన్నగా ఇ.డబ్ల్యూ. అని రెండక్షరాలు, అతికిన మనిషి గుర్తు. తర్వాత పదకొండు ఫ్రేములు. పనిమనిషి వేషంలో ఒక పిల్ల కిటికీ తెర లాగుతోంది. పదకొండు ఫ్రేముల్లోనూ తెర జానెడు కూడా జరగలేదు.

“నేనే కోశాను, జనవరి పద్నాలుగున” అంది విశాలాక్షి. “మర్చిపోయి కోశాను. తెలిసే దాచాను.”

లొరేన్ ఆ రాత మీదికి వంగి చూసింది. ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. “కోసినందుకు నిన్ను వదులుకునేదాన్ని కాదు విశా. అందరి చేతులూ ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాయి. నాలుగు నెలలు చెప్పలేదు చూడు, దాన్ని నేను దాటలేను. ఆ పోస్టుకు నీ పేరు పంపలేను.”

“తెలుసు” అంది ఈవిడ. నిజంగానే తెలుసు. అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గ్లవ్స్‌తో తుడుచుకోకూడదు కాబట్టి అలాగే నిలబడింది.

లండన్ ఆయన దగ్గరున్న స్టూడియో జాబితాలో మూడో నంబరు సరిపోయింది. కాపీకి ఒప్పుకున్నారు. కాపీకి పంపే ముందు ఆ ముక్కను తిరిగి రీలుకు అతకాలి, అది టేపుతో నిలిచే స్థితిలో లేదు. లొరేన్ అటూ ఇటూ చూసి, చివరికి జూన్ ఆఖరు వారంలో విశాలాక్షినే అడిగింది. ఈ పని ఇంకెవరికీ రాదు మరి.

విశాలాక్షి కూర్చుంది. తను వేసిన కొత్త తోక ఊడదీసింది. కనకదుర్గక్క నేర్పినట్టే రెండు ఫ్రేముల మధ్య ఉన్న సన్నటి నల్లగీతలోనే గీకింది, సిమెంటు చుక్క రాసింది, ఒక్కసారి ఊది, మెషీను పెట్టకుండా బొటనవేలి గోటితో నొక్కి ఇరవై లెక్కపెట్టింది. అతుకు ఎక్కడుందో లొరేన్ భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సి వచ్చింది.

మర్నాడు ఆఖరిరోజు, పొద్దున్నే వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళిపోవడమే పని. రీలుతో పాటు శాశ్వతంగా ఉండే ఫారం మీద లొరేన్ వివరాలు నింపి చూపించింది. నష్టం: పదకొండు ఫ్రేములు, రాతల ఫిలిం. కోసినవారు: విశాలాక్షి. అతికినవారు: విశాలాక్షి. ఆవిడ అది రెండుసార్లు చదివింది. నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. వరండాలోకి వెళ్ళి మద్రాసుకు ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం.

“అక్కా, సినిమాకి నా పేరు పడింది.”

“ఏ సినిమా? ఎక్కడే?” కనకదుర్గకు డెబ్బై ఆరేళ్ళు, చెవులు మాత్రం చురుకే.

“లండన్ సినిమా. పాడుచేసినవాళ్ళ గడిలో పడింది.”

మొత్తం విన్నాక కనకదుర్గ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, “పోనీలేవే విశాలం, ఎక్కడో ఒకచోట పడింది” అంది. “నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు కోశాను. పాడుచేసినవాళ్ళ గడిలో కూడా నా పేరు లేదే.”

వెంటనే, దీపం పెట్టాలి, ఉంటానమ్మా అంది కనకదుర్గ.

విశాలాక్షి లోపలికొచ్చి గ్లవ్స్ మడిచి సొరుగులో పెట్టింది. లొరేన్ ఇంకా ఫారంతోనే కుస్తీ పడుతోంది.

“ఒక్కటి మిగిలింది విశా. అతుకు రకం. నువ్వు వేసింది మా లిస్టులో లేదు. దానికో పేరుందా?”

“ఉంది.”

“ఏంటది?”

“కనకదుర్గ జాయింట్.”

లొరేన్ పెన్ను ఆపింది. “అందరూ వాడే పేరేనా?”

నాలుగు నెలల అబద్ధానికి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి లొరేన్ కళ్ళలోకి సూటిగా చూసింది.

“మద్రాసులో ఎవర్నడిగినా చెబుతారు” అంది. ఒక్కో అక్షరం తనే పలికి రాయించి, బ్యాగు భుజాన వేసుకుని, ట్రైన్ వేళవుతోందని బయల్దేరింది.