బండి వస్తే వంతు మారే మా తట్టు సవారి

అందరూ ఎట్లున్నారు? బిచ్కుంద వదినా, మోకాళ్ల నొప్పి తగ్గిందా? జుక్కల్ తమ్ముడూ, దగ్గు పోయిందా, ఇంకా బీడీలు తాగుతూనే ఉన్నావా? దుబాయిలో ఉన్న పిల్లలూ, ఎండలో పనిచేస్తుంటారు, నీళ్లు తాగుతున్నారా? ఎల్లారెడ్డి లచ్చక్కా, బీపీ గోలీ మరిచిపోవడం లేదు కదా? మీలో ఒక్కరు రెండు రోజులు కామెంట్లలో కనబడకపోయినా నా మనసు కుదురుగా ఉండదు...

మా చిన్నప్పుడు... పెద్దబాపుకు ఒక తట్టు ఉండేది. పొట్టి గుర్రం, బెల్లం రంగు. అంగడి రోజు దాని మీద మిరపకాయల గోనెలు వేసి పిట్లం తీసుకుపోయేవాడు. వెంట నేను, ఆయన బిడ్డ లచ్చక్క. పోయేటప్పుడు ఇద్దరమూ నడవాల్సిందే. వచ్చేటప్పుడు ఖాళీ గోనెలు మడిచి తట్టు వీపు మీద పరిస్తే పరుపులాగా ఉండేది... ఒకరు ఎక్కాలి, ఒకరు ముందు పగ్గం పట్టుకుని నడవాలి.

ముందు ఎవరు ఎక్కాలో అడిగే పనే లేదు. లచ్చక్కే. ఆయన బిడ్డ కదా...

వంతు మారడానికి మాత్రం ఒక పద్ధతి ఉండేది. బస్సో లారీనో వచ్చిందంటే మీదున్న మనిషి దిగాలి. తట్టును రోడ్డు దింపి, ముఖం చేను వైపు తిప్పి, బండి వైపున్న కంటికి తువ్వాల అడ్డం పెట్టాలి. బండి పోయాక రెండో మనిషి ఎక్కాలి.

బస్సు డ్రైవర్లు కూడా అంత మంచిగా ఉండేవారు. దూరం నుంచే నెమ్మది చేసేవారు, హారన్ ముట్టేవారు కాదు. ఒకాయనైతే ఇంజనే ఆపేసి కిటికీలోంచి తల బయటపెట్టేవాడు.

"ఏం పెద్దమనిషీ, నీ గుర్రం నాకు సైడిస్తదా, నన్ను ఈడనే పండుమంటవా?"

"జర ఆగరాదు! నీ బస్సుకు బ్రేకులున్నయ్, దీనికి లెవ్వు" అనేవాడు పెద్దబాపు. బస్సంతా నవ్వేది.

కానీ ఆ కాలంలో బండ్లు ఎన్నని? దారి మొత్తం మీద ఒక బస్సు, ఒకటో రెండో లారీలు... నేను కాళ్లు కాలుతుంటే నడుస్తూ, దేవుడా ఒక్క బస్సు పంపు అని మొక్కుకునేదాన్ని. లచ్చక్క పైన కూర్చుని జడ ముందుకు వేసుకుని, "సాయీ, నడుస్తున్నవా, నిద్ర పోతున్నవానే?" అనేది. నా కడుపు మండిపోయేది.

ఒక రోజు పిట్లం దాటగానే బస్సు వచ్చింది. నా అదృష్టం! అంత తొందరగా నాకు ఎప్పుడూ వంతు రాలేదు. ఎక్కి కూర్చున్నాను. ఇంకో నాలుగు అడుగులు కూడా పోలేదు... మలుపు అవతల లారీ చప్పుడు వినబడింది.

"దిగు సాయీ, లారొస్తుంది" అంది లచ్చక్క.

"మన తట్టు బెదరది, నువ్వు నడువు" అన్నాను.

"దిగవే, బాపు చూస్తే తిడ్తడు!"

పెద్దబాపు వెనక చాలా దూరంలో చుట్ట కాల్చుకుంటూ వస్తున్నాడు. నేను రెండు కాళ్లూ బిగించి కూర్చున్నాను. దిగితే మళ్లీ ఊరు దాకా నడకే కదా... లచ్చక్క నేను మీద ఉండగానే తట్టును చేను వైపు తిప్పబోయింది. ఆ లారీ డ్రైవరు కొత్తవాడో ఏమో, మలుపు తిరగడంతోనే పెద్దగా హారన్ కొట్టాడు. తట్టు ఎగిరింది. నేను దున్నిన చేనులో మెత్తటి మట్టిలో పడ్డాను. లచ్చక్క చేతికి పగ్గం చుట్టుకుని ఉంది... తట్టు ఆమెను కంకర మీద ఈడ్చుకుపోయింది.

పెద్దబాపు ఉరికి వచ్చాడు. "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే లచ్చక్క ఏడుస్తూ చెప్పింది, "నాకే సోయి లేదు బాపూ... చప్పుడు వినలె."

నేను నోరు మూసుకున్నాను. ఆ మూసుకోవడం ఇన్నేళ్లు సాగింది.

లచ్చక్క కాలు విరిగింది. కట్టు కట్టించారు గానీ ఎముక సరిగా అతకలేదు. ఆ తర్వాత పెద్దబాపు ఎన్ని బండ్లు వచ్చినా లచ్చక్కను దించలేదు. తానే తట్టు కళ్లు మూసి పట్టుకునేవాడు. ఆమె కుంటుతుందని ఊరంతా జాలి పడుతుంటే నేనేం అనుకున్నానో తెలుసా... ఆ కాలు నాకే విరిగి ఉంటే రోజూ తట్టు మీద నేనే కూర్చునేదాన్ని కదా అని. అంత కుళ్లు నాకు.

ఇప్పుడు లచ్చక్క కొడుకు పెండ్లి బరాత్‌లకు గుర్రాలు పెంచుతున్నాడు. ఆమె మనుమరాలు పొద్దున్నే ఎల్లారెడ్డి రోడ్డు మీద గుర్రం తిప్పుతుంది. వీడియోలు ఫోన్‌లో వస్తాయి. చూస్తుంటే భయం సగం, కుళ్లు సగం... నిజం చెప్పాలంటే కుళ్లే ఎక్కువ. ఈ వయసులో కూడా! మళ్లీ ఆ ఇంటి పిల్లే గుర్రం మీద...

మొన్న వీడియోలో ఒక కారాయన ఆమె పక్కనే వచ్చి, ఫోటో తీసుకుంటూ హారన్ కొట్టాడు. నా ప్రాణం పోయినంత పనయింది. వెంటనే ఫోన్ చేశాను, బండి వస్తే దిగి పక్కకు నిలబడు బిడ్డా అని.

ఆ పిల్ల నవ్వింది. "చిన్న నానమ్మా, మా గుర్రం బరాత్‌ల డప్పులకే బెదరది, కారుకు బెదురుతదా? మా నానమ్మ లెక్క సోయి లేకుంట ఉంటనా నేను?"

ఆ రాత్రి అన్నం సహించలేదు. అక్క సోయి లేనిది అని ఆ ఇంట్లో మనుమరాలి దాకా నమ్ముతున్నారు... నా వల్ల.

బండ్లు నడిపే పిల్లలూ, గుర్రం కనబడితే నెమ్మది చేయండి. హారన్ కొట్టకండి. దూరంగా జరిగి పోండి, దాటినాక కూడా వెంటనే స్పీడ్ పెంచకండి. ఆ రోజుల్లో గతుకుల రోడ్డు మీద ఇంజనే ఆపిన మనుషులు ఉండేవారు... ఇప్పుడు అద్దంలాంటి రోడ్డు ఉంది, ఒక్క నిమిషం ఆగే మనిషి లేడు. మీ ఊర్ల దారుల్లో గుర్రాలకు, ఎడ్లబండ్లకు ఎవరెట్లా దారి ఇచ్చేవారో రాయండి, చదువుతాను.

లచ్చక్కా, ఇదంతా చదివి కోపం చేస్తే చెయ్యి. పిల్లను మాత్రం ఎక్కడికీ పోనీయకు, ఎదురుగా కూర్చోబెట్టి నా నోటితోనే చెప్పాలి. వచ్చే బేస్తవారం, పొద్దటి బస్సుకు వస్తున్నాను.