మే నెల స్వెట్టరూ, పకోడీ గూడూ

ఇమాం హుస్సేన్‌కు చలి ఎక్కువ. ఇందులో వింతేముంది, చలి చాలామందికి ఎక్కువే కదా అంటారేమో. ఆయన ఉండేది ప్రత్తిపాడులో. ఆయనకు చలేసేది మే నెలలో. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకునే మిట్టమధ్యాహ్నం, ముదురాకుపచ్చ ఉన్ని స్వెట్టరు మెడదాకా లాక్కుని, చెవులు కప్పే టోపీ పెట్టుకుని, అరచేతులు రుద్దుకుంటూ వీధిలోకి వచ్చేవాడు. ఎదురైన ప్రతివాణ్ణీ ఒకటే మాట అడిగేవాడు.

"ఏం, చలిగా లేదూ?"

అడిగించుకున్నవాడికి సరిగ్గా అప్పుడే వడదెబ్బ తగలబోతూ ఉండేది.

రసూల్ టీ కొట్టు ముందు తాటాకు పందిరి ఉంది. ఎండకు తాళలేని జనమంతా ఆ నీడలో బెంచీ మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూర్చుంటారు. ఇమాం హుస్సేన్ రాగానే ఆ బెంచీని ఎండలోకి లాగేవాడు. మనుషులు లేచేదాకా ఆగేవాడు కాదు. బెంచీతో పాటు వాళ్ళూ ఎండలోకి వచ్చేసేవాళ్ళు.

శివరామకృష్ణ కూతురి పెళ్ళిలో పందిట్లో మనిషెత్తు కూలరు పెట్టారు. పీటల మీద పెళ్ళికొడుక్కి చలేస్తుందని ఈయన ఆ కూలరుకు వీపు ఆనించినంత పని చేసి, చేతులు బార్లా చాపి, ముహూర్తం అయ్యేదాకా అడ్డంగా నిలబడ్డాడు. పెళ్ళికొడుకు చెమటకు బాసికం జారి ముక్కు మీదికి వచ్చింది.

"ఒరేయ్ హుస్సేనూ, కాస్త గాలి వదలరా" అన్నాడు శివరామకృష్ణ పళ్ళు కొరుకుతూ.

"నీకేం తెలుసురా. పెళ్ళినాడు జలుబు చేస్తే జన్మంతా తుమ్ముతూ కూర్చుంటాడు" అన్నాడు ఈయన, జరక్కుండా.

రిటైరయ్యేదాకా ఆయన గుంటూరు రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటరు. ఉద్యోగమంతా ఆ చల్లటి గదుల మధ్యే గడిచింది కాబట్టి ఆ చలి ఎముకల్లో దూరిపోయిందని ఊరు తేల్చేసింది. ఆయన కూడా అవుననే అనేవాడు. భార్య అమీర్‌బీ అయితే మరీ మరీ చెప్పేది.

ఒప్పుకోనిది ఒక్క రాజ్యమే. రాజ్యం పక్కింటావిడ. బళ్ళో చదివింది ఐదో తరగతి దాకే. మిగతా చదువంతా ప్రహరీ గోడ మీద నుంచి తొంగిచూసి నేర్చుకుంది. ఆవిడకు తెలియకుండా ఆ వీధిలో పిల్లి కూడా ఈనదు. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదు, అన్నీ తెలిసిన రాజ్యానికి ఈ చలి సంగతి మాత్రం పంటి కింద రాయిలా తగులుతూనే ఉండేది. కోల్డ్ స్టోరేజీలో పనిచేసినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళంతా చొక్కా విప్పి విసనకర్రలు ఊపుకుంటుంటే ఈయనొక్కడికే ఎందుకు చలి?

ఆ రాయి తీసే అవకాశం తొండ రూపంలో వచ్చింది.

రాజ్యం మేడ మీద వాటాలో బ్యాంకు ఉద్యోగం చేసే జ్యోతిర్మయి అనే అమ్మాయి అద్దెకు దిగింది. బదిలీ మీద వచ్చింది, ఒంటరి మనిషి. సామానుతో పాటు చేపల్ని పెంచే అద్దాల తొట్టె ఒకటి దించింది. అందులో చేపల్లేవు. ఏముందో చూడకపోతే రాజ్యానికి అన్నం సయించదు. గిన్నెలో పప్పు వేసుకుని పైకి వెళ్ళింది.

"ఏంటమ్మాయ్, తొండా?"

"తొండ కాదాంటీ, బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియాది. గడ్డం ఉంది చూడండి. పేరు పకోడీ."

రాజ్యం వంగి చూసింది. ఒళ్ళంతా కరకరలాడే ముళ్ళతో అచ్చం నూనెలోంచి తీసిన పకోడీలాగే ఉంది. "మన కంచె మీద తిరిగేది దేశవాళీ, ఇది ఆస్ట్రేలియాది. తొండే కదా" అంది.

"గవర్నమెంటుకు చెప్పి కాగితం కూడా తీసుకున్నానాంటీ."

"మా చిన్న కోడలి పేరు రేషన్ కార్డులో ఇప్పటికీ ఎక్కలేదు. తొండకు కాగితం వచ్చిందా" అని రాజ్యం కుర్చీ లాక్కుని కూర్చుంది.

అమ్మాయి నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. పకోడీ ఈ ఊరొచ్చినప్పటి నుంచీ తిండి ముట్టడం లేదు. పసుపు రంగులో మెరవాల్సింది బొగ్గులా నల్లబడింది. ఇసకలో కళ్ళు మూసుకుని పడి ఉంటోంది.

"ఇంటికి రాగానే తలెత్తి చూసేది ఇదొక్కటే ఆంటీ నాకు. ఇది కూడా పోతే ఈ ఊళ్ళో నేనుండలేను" అంది జ్యోతిర్మయి, తొట్టె అద్దాన్ని చీరకొంగుతో తుడుస్తూ.

రాజ్యానికి తొండ మీద లేని జాలి పిల్ల మీద కలిగింది. గది మాత్రం చల్లగా, హాయిగా ఉంది. "పోనీలే, ఏసీ అయినా పెట్టావు" అంది.

"బయట నలభై ఐదు డిగ్రీలు ఆంటీ. పాపం ఉడికిపోతుందని పద్దెనిమిదిలో పెట్టి బ్యాంకుకి వెళ్తున్నాను."

"అంతకంటే ఎవరు చూస్తారమ్మా" అంది రాజ్యం. ప్రత్తిపాడులో మే నెలలో ఏసీ పెట్టడం కంటే పెద్ద ప్రేమ ఉంటుందని ఆ వీధిలో ఎవరూ అనుకోరు.

సాయంత్రానికి వీధంతా మేడెక్కింది. అది రాజ్యం పుణ్యమే. బెండతోట వేసిన కోటేష్ ఒక డబ్బా నిండా పురుగులు పట్టుకొచ్చాడు.

"మా తోటలోవేనమ్మా. ఎన్ని కావాలంటే అన్ని తీస్కో."

"మందు కొట్టారా అండీ?"

"ఎందుకు కొట్టలా, రెండు రకాలు కొట్టాం. అయినా చావలేదంటే ఎంత బలమైన తిండో ఆలోచించు."

జ్యోతిర్మయి డబ్బా మూతపెట్టి గౌరవంగా తిరిగిచ్చేసింది.

చివరికి ఇమాం హుస్సేన్ వచ్చాడు. స్వెట్టరు, టోపీ. తొట్టె ముందు గొంతుక్కూర్చుని, అద్దం మీద వేలితో తట్టి, తన అలవాటు ప్రకారం అడిగాడు.

"ఏం, చలిగా లేదూ?"

గదంతా గొల్లుమంది. పకోడీ మాత్రం నెమ్మదిగా ఒక కన్ను తెరిచి ఆయన వైపు చూసింది.

జ్యోతిర్మయి ముఖంలో రంగు మారింది. గబగబా ఫోను తీసి గుంటూరులో జంతువుల డాక్టరుకు వీడియో కాల్ చేసింది. ఆయన తొట్టెను చూశాడు, ఇసకను చూశాడు, గోడ మీద ఏసీని చూశాడు.

"ఎంతలో పెట్టారమ్మా?"

"పద్దెనిమిది సార్."

"అది ఎడారి ప్రాణి. వేడి తగిలితేనే దానికి తిన్నది అరుగుతుంది. మీరు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు" అన్నాడు డాక్టరు.

"పుస్తకంలో వేడి కావాలనే ఉంది సార్. లైట్లు కూడా కొన్నాను. ఈ ఊరి ఎండ చూశాక మళ్ళీ లైట్లెందుకని డబ్బా విప్పలేదు" అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

ఇమాం హుస్సేన్ లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన ప్రశ్నకు అవునన్న మొదటి ప్రాణి అది. మెట్లు దిగి వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా చెప్పుకుంటూ వెళ్ళాడు. "నేనడిగితే నవ్వారు. ఇప్పుడు డాక్టరే చెప్పాడు."

మర్నాడు ఆదివారం. గూడు కట్టే పని ఆయనే నెత్తిన వేసుకున్నాడు. రాజ్యం ఇంట్లో పాత టీవీ పెట్టిన చెక్క షోకేసు, ముందు అద్దం తలుపులున్నది, మేడ మీదికి ఎక్కించారు. పక్కలకు గాలి ఆడేలా కన్నాలు వేశారు. ఇసక పోసి, రాజ్యం బాత్‌రూమ్‌కు వేయగా మిగిలిన టైల్స్ అడుగున పరిచారు. ఎక్కి కూర్చోడానికి కడిగి ఆరబెట్టిన జామ కొమ్మ, దాక్కోడానికి పగిలిన కుండలో సగం. పైన జాలీ కొట్టి, దాని వెనక ఎండలాంటి వెలుగిచ్చే ట్యూబులైటు బిగించారు. రాజ్యం పని చెయ్యకుండా ప్రతి మేకునూ దగ్గరుండి చూసింది.

వేడి బల్బులు రెండున్నాయి. ఇమాం హుస్సేన్ ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెట్టాడు. పకోడీని లోపల వదిలి స్విచ్చి వేశారు. కాసేపటికి అది నోరు బార్లా తెరిచింది.

"చూశారా, నవ్వుతోంది" అన్నాడాయన.

ఫోనులో డాక్టరు తల పట్టుకున్నాడు. "నవ్వడం కాదండీ, వేడెక్కిపోయి నోరు తెరిచింది. బల్బు ఒక వైపే ఉండాలి. రెండో వైపు చల్లగా వదిలేయాలి. ఏసీ ఇరవై ఏడులో పెట్టుకోండి, సరిపోతుంది."

"చల్లగానా?" ఇమాం హుస్సేన్ గొంతు మారిపోయింది. "చల్లగా ఎందుకండీ?"

"వేడి చాలనిపించినప్పుడు వెళ్ళి కూర్చోడానికి. అలాంటి మూల ఒకటి లేకపోతే ఏ ప్రాణీ బతకదు."

ఇమాం హుస్సేన్ ఒక బల్బు ఊడదీశాడు. రెండోది జాలీకి దగ్గరగా ఉందని దాన్ని పైకి జరపడానికి షోకేసులో తల దూర్చాడు. బల్బు వెలుగుతూనే ఉంది. ఒంటి మీద స్వెట్టరుంది. లోపల నుంచి చాలాసేపు స్క్రూడ్రైవరు చప్పుడు వినపడింది. తర్వాత వినపడలేదు. ఆయన కాళ్ళు మెల్లగా జారడం రాజ్యం చూసింది.

"అమ్మాయ్, పట్టుకో."

ఇద్దరూ బయటికి లాగి, కుర్చీలో కూలేసి, ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా స్వెట్టరు తలమీదుగా లాగేశారు. లోపలి బనీను పిండితే బిందె నిండేలా ఉంది. మెడ నిండా చెమటకాయలు. చలిమనిషికి చెమటకాయలేమిటి? ఏసీ గాలి ఒంటికి తగలగానే ఆయన కళ్ళు మూసుకుని, "ఆహా" అన్నాడు. ఆ ఆహాలో ఎన్ని వేసవులున్నాయో.

రాజ్యం కుర్చీ ఎదురుగా లాక్కుని, అన్నాళ్ళుగా దాచుకున్నదంతా ఒక్క మాటలో అడిగింది.

"ఏం అన్నయ్యా, చలిగా లేదూ?"

ఇమాం హుస్సేన్ ఒక కన్ను తెరిచాడు, అచ్చం పకోడీలాగే. ఇక దాచి లాభం లేదని అర్థమైపోయింది.

"మీ వదినకు మిరపకాయల కళ్ళంలో కాలు విరిగింది గుర్తుందా చెల్లెమ్మా? మంచం మీద పడి, ఇక నేనెందుకూ పనికిరాను, ఎవరికీ అక్కర్లేదు అని గోడకు తిరిగి పడుకునేది. మా అమ్మాయి నజ్మీన్ వచ్చి అల్లిక నేర్పింది. నేర్చుకున్నాక మొదటిది నాకే అల్లింది. అల్లడం అయిపోయేసరికి మే నెల. వేసుకుని చూడండి అంది. వేసుకున్నాను. హమ్మయ్య, ఇన్నాళ్ళకు చలి వదిలిందే అన్నాను. ఆ పూట లేచి కూర్చుని అన్నం తింది."

"అయితే?"

"అయితే ఏముంది, ఆ చలి మళ్ళీ పోవడానికి వీల్లేకుండా పోయింది."

"మరి వీధి వీధంతా అడగడం దేనికి?"

"ఇంట్లో ఒక్కచోటే చలంటే అనుమానం రాదూ? ఊరందరి నోటా వింటే ఆవిడ నమ్ముతుంది."

రాజ్యం బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. ఏదో తట్టింది. "అంటే పెళ్ళిలో ఆ కూలరుకు అడ్డం నిలబడింది..."

"అంత పెద్ద కూలరు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది చెల్లెమ్మా" అన్నాడు ఇమాం హుస్సేన్.

జ్యోతిర్మయి నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. ఆ అమ్మాయి నవ్వడం రాజ్యం చూడటం అదే మొదలు.

ఇంతటి రహస్యం కడుపులో పెట్టుకుని రాజ్యం మెట్లు దిగడం కష్టమైంది. తిన్నగా గోడ దాటి అమీర్‌బీ దగ్గరికి వెళ్ళింది. "వదినా, నీకో సంగతి" అని మొదలుపెట్టింది కూడా. అమీర్‌బీ చేతికర్ర పక్కన పెట్టుకుని, వాకిట్లో కుర్చీలో కూర్చుని గోధుమ రంగు ఉన్నితో ఏదో అల్లుతోంది. తలెత్తి నవ్వింది.

"ముందు నా సంగతి విను. ఈసారి మేజోళ్ళు అల్లుతున్నా. పాపం, చలి కాళ్ళలోంచే ఎక్కుతుందంట. నేను లేకపోతే ఈ మనిషి ఎప్పుడో గడ్డకట్టుకుపోయేవాడు కదా రాజ్యం?"

రాజ్యం నోరు తెరిచింది. మూసింది. జీవితంలో మొదటిసారి ఒక సంగతి పళ్ళదాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. గొంతులో అడ్డం పడుతుందేమోనని మంచినీళ్ళు అడిగి తాగింది.

"మందంగా అల్లు వదినా" అంది.

నాలుగు రోజులు తిరక్కుండానే పకోడీ పసుపు రంగులోకి వచ్చింది. జామ కొమ్మెక్కి బల్బు కింద వెచ్చబడి, చాలనిపిస్తే సగం కుండ వైపు దిగి, జ్యోతిర్మయి తెప్పించిన కీచురాళ్ళను వేటాడి మరీ తింటోంది. ఆ అమ్మాయి ఇప్పుడు బ్యాంకు నుంచి వస్తూ వస్తూ రసూల్ కొట్టు దగ్గర ఆగి పకోడీ క్షేమసమాచారాలు చెప్పి గానీ మేడెక్కడం లేదు.

గూడు బల్బు మాత్రం రోజూ మధ్యాహ్నం చూసుకోవాలని ఇమాం హుస్సేన్ తీర్మానించాడు. జ్యోతిర్మయి తాళంచెవి ఒకటి రాజ్యం దగ్గర ఉంచింది. ఆయన రోజూ ఎండ ముదిరే వేళకు స్వెట్టరుతో మెట్లెక్కుతాడు, ఎండ తగ్గాక స్వెట్టరుతో దిగుతాడు. బల్బు అంతసేపు ఎందుకు చూడాలో వీధిలో ఎవరూ అడగరు. అడగాల్సిన మనిషి రాజ్యమే కాబట్టి.

ఒక మధ్యాహ్నం అమీర్‌బీ కర్ర ఊతంతో గోడ దగ్గరికి వచ్చి కేకేసింది.

"రాజ్యం, మా ఆయన పైనే ఉన్నాడా?"

"ఉన్నాడు వదినా."

"ఇంతసేపు ఏం చేస్తున్నాడమ్మా?"

రాజ్యం అప్పుడే పైకి మజ్జిగ ఇచ్చి వచ్చింది. పైన షోకేసులో బల్బు కింద పకోడీ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఏసీ కింద పడక్కుర్చీలో ఇమాం హుస్సేన్ బనీనుతో కాళ్ళు బారజాపి, కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

"చలి కాచుకుంటున్నాడు వదినా" అంది రాజ్యం.