పలికిన కణం

సిడ్నీలో నా పరిశోధన మొదటి ఏడాదంతా ఒక చీకటి గదిలో గడిచింది. పుట్టి నాలుగు రోజులైన ఎలుక పిల్ల లోపలి చెవిలోంచి వెంట్రుకంత సన్నని పొర తీసి, కాల్షియం పెరిగినప్పుడు మెరిసే రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టేదాన్ని. వినికిడి కణాలు మెరుస్తాయేమోనని ఎదురుచూడటమే పని. మూడు నెలలు ఒక్కటీ మెరవలేదు. రంగు ఎక్కేది కాదు, ఎక్కితే కణాలు చచ్చిపోయేవి. కొన్ని రోజులు మా ఇంటి దగ్గర క్వేకర్స్ హిల్‌లో రైలెక్కి, సాయంత్రం తిరిగి అక్కడే దిగేదాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తెర మీద ఒక కణం వెలిగింది. దాని పక్కది, ఆ పక్కది.

"అమ్మయ్య, పలికావా తల్లీ!" అని పైకే అనేశాను.

గది గుమ్మానికి వేలాడే నల్ల గుడ్డ అవతల చప్పుడు ఆగింది. "మీరు తెలుగా మేడమ్?"

పక్క గదిలో ప్రయోగాలకు వాడే గ్యాస్ సిలిండర్ మార్చడానికి వచ్చినతను. ముప్పై ఏళ్లుంటాయి. అవునని లోపలికి రమ్మన్నాను. వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"గిదేంది, లైట్లు గట్ల కొట్టుకుంటున్నయ్? మనం మాట్లాడేది ఇంటున్నదా?"

"లేదండీ, వీటికింకా వినపడదు. చెవి తెరుచుకోవడానికి ఇంకో వారం పైనే పడుతుంది. ఈలోపు వాటంతట అవే ఇలా వెలుగుతుంటాయి. అలా వెలిగితేనే చెవి నుంచి మెదడుకి దారి కుదురుతుంది."

"అంటె ఎవ్వరు పిలవకుంటెనే పలుకుతున్నదన్నట్టు."

"అంతే."

"నేను గూడ గంతే అక్కా. పొద్దంత వ్యాన్‌ల ఒక్కణ్నే. రేడియోతోని మాట్లాడుకుంట తిరుగుత."

ఇద్దరం నవ్వాం. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. అతను ఇంకాస్త దగ్గరగా చూడబోయి సూక్ష్మదర్శిని ఉన్న బల్ల మీద చెయ్యి ఆనించాడు. తెర మీది బొమ్మ పక్కకు జరిగి మసకబారింది. ఆ బల్లని ముట్టుకోకూడదని నేను చెప్పలేదు, అప్పుడూ చెప్పలేకపోయాను. "నెక్స్ట్ డెలివరీకి లేటయితున్నది, ఉంట అక్కా," అని వెళ్లిపోయాడు. మళ్లీ సరిచేసేలోపు కణాలు వాడిపోయాయి.

సోమవారం మా ప్రొఫెసర్ శుక్రవారం నాటి రికార్డింగ్ చూసి, బొమ్మ జరిగిన చోట ఆపి, ఇక్కడేమైందని అడిగింది. నా మోచెయ్యి తగిలిందన్నాను. మూడు వారాల తర్వాత మరో ఎలుక పిల్ల చెవిలో మంచి రికార్డింగ్ దొరికింది. ఆమె తల ఊపి, "ఇది వాడుకోవచ్చు," అంది. సిలిండర్ ఖాళీ అయితే అతను వస్తాడు, చెప్పుకోవచ్చని ఆ రోజు రెండుసార్లు వెళ్లి దాని మీటరు ముల్లు చూసొచ్చాను.

తర్వాతి సిలిండర్‌తో ఒక తెల్లాయన వచ్చాడు. పోయినసారి వచ్చినతను ఏడని అడిగాను.

"వేరే రూట్‌కి మార్చారు," అని కాగితం చాపాడు.

ఆ పోయినసారి అతని పేరేమిటో అడుగుదామనుకున్నాను. సంతకం పెట్టి లోపలికి వచ్చేశాను.