బ్రౌన్ అట్టల లైబ్రరీ

మా లైబ్రరీ ఏనుగు తొండం కింద పుట్టింది. ఈ మాట ఎక్కడ అన్నా మా ఆవిడ "మళ్ళీ మొదలెట్టారా" అంటుంది గానీ, ఇందులో నేను కలిపిందేమీ లేదు. కంచరపాలెంలో రైలు పట్టాల గోడను ఆనుకుని ఉన్న మా వీధి చివర ఒక రేకుల గది ఉంది. చవితి కమిటీ వాళ్ళ సామాను అందులో పడుంటుంది. రెండు డప్పులు, పందిరి గుడ్డల మూటలు, జిల్లా మొత్తాన్ని ఒక్క స్విచ్చితో వెలిగించగల సీరియల్ లైట్ల చిక్కుముడి, ఏ ఏడాది సెట్టింగులోదో ఒక ఫైబర్ ఏనుగు తల. ఆ తల ఎంతుంటుందంటే, ముందు దాన్ని నేల మీద పెట్టి ఆ తర్వాతే చుట్టూ గది కట్టి ఉంటారని నా అనుమానం. బయటికి తీయడం ఎవరి వల్లా కాక, పుస్తకాల బీరువాలు రెండూ తొండం కిందే పెట్టాం.

గది అడిగింది మా ఎదురింటి సిస్టరమ్మ గారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారు. సెలైన్ ఎక్కుతూ ఏడ్చే పిల్లలకు చదివి వినిపించడానికి, ప్రతి క్రిస్మస్‌కీ తనకు చీర బదులు పుస్తకాలు కొనుక్కునేవారట. అవి పెరిగి పెరిగి నాలుగు ట్రంకు పెట్టెలయ్యాయి. ఇంతలో ఆవిడ అద్దెకుంటున్న ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతామన్నారు. మధురవాడలో ఉన్న చెల్లెలు తన ఫ్లాటుకి రమ్మంది. ఆ ఫ్లాటు నేనూ చూశాను. అందులో గదుల కన్నా లిఫ్టు విశాలంగా ఉంటుంది. అక్క రావచ్చు, అక్క కుట్టుమిషను రావచ్చు, పెట్టెలు మాత్రం రాకూడదని చెల్లెలు ఖచ్చితంగా చెప్పేసింది.

కమిటీ ప్రెసిడెంటు పోర్టులో క్రేను నడుపుతాడు. అంతెత్తున కూర్చుని పనిచేసే మనిషి కాబట్టి పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా ఓడ అడుగున ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. నన్ను బావా అంటాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మా ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు టీకొట్టు దగ్గర కలిస్తే ఒకడు బావ అయి తీరాలి, అంతే. సిస్టరమ్మ గారు వాళ్ళ పిల్లకి జ్వరం తగ్గించిన మనిషి కాబట్టి గది ఇచ్చాడు గానీ, ఒక షరతు పెట్టాడు. చవితికి వారం ముందు వచ్చి చూస్తాడు. పిల్లలు వస్తూ ఉంటే డప్పులూ లైట్లూ వాళ్ళ మేడ మీదకి మారుస్తాడు. రాకపోతే గది ఖాళీ చేయాలి.

అప్పుడు పుస్తకాలు ఎక్కడికి పోతాయో ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పారు, పాత పేపర్ల బండికి తన చేత్తోనే ఎత్తేస్తానని. వార్డులో పిల్లల రిపోర్టులు చదివిన గొంతుతో చెప్పారు. నేను చెప్పుల కేసి చూసుకున్నాను.

సరే, పని మొదలుపెట్టాం. ఇక్కడ మా తరం వాళ్ళ జబ్బు ఒకటి చెప్పాలి. జూన్ నెలలో పుస్తకం కనిపిస్తే మేం చదవం, అట్ట వేస్తాం. మేమందరం బ్రౌన్ పేపరు వాసన పీల్చుకుని పెద్దవాళ్ళమయ్యాం. దానికి తోడు సిస్టరమ్మ గారు దుప్పట్లు, ట్రేలు, సీసాలు, దేన్నైనా కప్పి చీటీ అంటించనిదే నిద్రపోలేని మనిషి. స్టీల్ ప్లాంటులో నాది స్టోర్సు, అంటే కప్పి చీటీ అంటించడానికే నాకు జీతమిస్తారు. ఇలాంటి ఇద్దరం కలిస్తే ఇక పుస్తకాలకు దిక్కెవరు?

మూడు ఆదివారాలు అట్టలు వేశాం. నేను కొలిచేవాణ్ణి, ఆవిడ కత్తిరించేవారు, మా ఆవిడ మడిచేది, ప్రెసిడెంటు వచ్చి కూర్చుని మేం చేసేది తప్పని చెప్పేవాడు. వాడిన బ్రౌన్ పేపరు పరిస్తే భీమిలి దాకా వెళ్ళి వెనక్కి కూడా వస్తుంది. మూలలు చాకు పెట్టి కోయొచ్చన్నంత పదునుగా వచ్చాయి. ప్రతి అట్ట మీదా స్టేషనరీ షాపులో దొరికే చీటీ, మీకు తెలిసిందే, పేరు, తరగతి, సెక్షను, సబ్జెక్టు. మేం సబ్జెక్టు దగ్గర నంబరు వేశాం. పని అయ్యాక రెండు బీరువాల నిండా ఒకే రంగు, ఒకే ఎత్తు. పెరేడ్‌లో నేవీ వాళ్ళు కూడా అంత వరసగా నిలబడరు. సిస్టరమ్మ గారు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసుకున్నారు. మర్నాడే మధురవాడ వెళ్ళిపోయారు, లైబ్రరీ నా చేతుల్లో పెట్టి.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. రెండో ఆదివారం ఒక మేక వచ్చింది. మూడో ఆదివారం మా వీధిలో మూడో ఇంటి పిల్ల, ఐదో తరగతి చదువుతోంది, గుమ్మం దగ్గర నిలబడింది. నేను ఎగిరి గంతేసినంత పనిచేసి ఒక పుస్తకం చేతిలో పెట్టాను. ఆ పిల్ల దాన్ని తెరవలేదు. అట్ట చూసింది, చీటీ చూసింది, నా మొహం చూసింది.

"దీంట్లో పరీచ్చ పెడతారా అంకుల్?"

పెట్టమన్నాను.

"ఇంటికాడ ఉన్నాయంకుల్, ఇలాటియి," అని పుస్తకం జాగ్రత్తగా నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది.

అప్పుడు బీరువాల వైపు తిరిగి చూశాను. ఆ పిల్ల కళ్ళతో చూస్తే అది లైబ్రరీ కాదు. ఊళ్ళో ఉన్న స్కూళ్ళన్నీ ఒక్క గదిలోకి వచ్చి కూర్చున్నాయి. లోపల గొడుగేసుకున్న పులి ఉంది, పడవెక్కిన ఏనుగు ఉంది. పైన మాత్రం సైన్సు, సోషలు.

ఈ సంగతి సిస్టరమ్మ గారికి చెప్పాలి. ఆవిడ ఆదివారం సాయంత్రం ఫోను చేసేవారు. అంతకు ముందు రెండు వారాలూ నేను ఆవిడకు నిజం చెప్పలేదు. మొదటి వారం ఎంతమంది వచ్చారంటే నలుగురన్నాను. గుండ్రంగా సున్నా చెప్పడానికి నోరు రాలేదు. మేకను మేకని ఎలా చెబుతాను, ఏడుగురన్నాను. మూడో వారం ఎలాగైనా అట్టల సంగతి చెబుదామనుకున్నాను. ఆవిడ గొంతులో అంత ఆశ వినేసరికి నా నాలుక తన పాత దారి పట్టింది. ఇరవై మంది వచ్చారంది. ఒక పుస్తకం కోసం ఇద్దరు కొట్టుకున్నారంది. ఆ పై వారానికి లైను పట్టాల గోడ దాకా వచ్చింది, ఆ పై వారానికి నేను టోకెన్లు ఇస్తున్నాను.

ఆవిడ పొంగిపోయి, లైన్లో నిలబడ్డ పిల్లలకని, తెలిసిన ఆటో అబ్బాయి చేత పెద్ద డబ్బా నిండా బిస్కెట్లు పంపారు. లైను లేదు కాబట్టి నేనూ ప్రెసిడెంటూ లైనుగా కూర్చుని తిన్నాం. తింటూ అతను అన్నాడు, "బావా, సవితి దగ్గరికొచ్చేత్తంది. నాకు కనబడతన్నది నువ్వూ, నానూ, బిస్కెట్లూను. ఆవిడికి ఏటి సెప్తావ్?"

నేను ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను.

ఆ వారమే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. రెండు రోజులు కురిసింది. సముద్రమే లేచి మా ఊరి మీదుగా అనకాపల్లి చూడ్డానికి బయల్దేరిందనిపించింది. గది పైకప్పు రేకు ఒకటి లేచిపోయింది. నీళ్ళు ఏనుగు తల మీద పడి, తొండం మీదుగా జారి, తిన్నగా బీరువాల్లోకి దిగాయి. ఇన్నాళ్ళకు ఆ తొండం తన పని తాను చేసింది. మూడో రోజు కలెక్టరు గారు స్కూళ్ళకు సెలవు ప్రకటించారు. ప్రకటించగానే కళ్ళు బైర్లు కమ్మే ఎండ కాసింది. అది మా ఊళ్ళో మామూలే.

ప్రెసిడెంటు సిస్టరమ్మ గారికి కబురు చెప్పాడు. ఫోనులోనే చెప్పానంటాడు గానీ, ఆ గొంతుకు ఫోనెందుకో నాకు తెలియదు. ఆవిడ పొద్దున్నే సిటీ బస్సెక్కి వచ్చేశారు. గది మధ్యలో నీళ్ళలో నిలబడి ఒక పుస్తకం తీసి బొటనవేలితో నొక్కారు. బ్రౌన్ రంగు నీళ్ళు కారాయి. ఆవిడ ఏడుస్తారనుకున్నాను. ఆవిడ చేతిసంచీలోంచి కత్తెర తీశారు.

"తడిసిన కట్టు ఒంటి మీద ఉంచకూడదు తమ్ముడూ. విప్పండి."

మూడు ఆదివారాల పని గంటన్నరలో విప్పేశాం. ఆవిడ కత్తెర ఎక్కడా ఆగలేదు, ఏ మూలా చూసుకోలేదు. రంగు పేజీల్లోకి దిగకముందే తీయాలి, అంతే. కమిటీ పందిరి గుడ్డలు వీధి పొడుగునా పరిచి, వాటి మీద పుస్తకాలన్నీ గుడారాల్లా తెరిచి నిలబెట్టాం. చోటు చాలక పట్టాల గోడ మీద, మా ఇంటి మంచం మీద, ఆగి ఉన్న రెండు స్కూటర్ల సీట్ల మీద కూడా పెట్టాం. నీళ్ళ బిందెతో వెళ్తున్న ఒకావిడ ఆగి, "ఏటి, ఉప్పుసేపల్లా ఎండబెట్టేసినారు," అని నవ్వి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

సెలవు రోజు, ఎండ కాసింది, వీధిలో క్రికెట్టు ఆడదామని పిల్లలు బయటికొచ్చారు. ఆడటానికి వీధి లేదు. వీధంతా పులులూ చేపలూ కోతులూ ఉన్నాయి. మూడో ఇంటి పిల్ల ముందుగా ఆగింది. గొడుగేసుకున్న పులి ముందు గొంతుక్కూర్చుంది. తాకొచ్చా అని ఎవరినీ అడగలేదు. తడి పేజీలు ఒక్కొక్కటీ విడదీస్తూ చదువుతోంది. ఆ పిల్ల భుజం మీదుగా ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. కాసేపటికి వీధిలో బంతి చప్పుడు లేదు. ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. పెంచి చెప్పాల్సిన అవసరం రాకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

సిస్టరమ్మ గారు ఆ పిల్ల పక్కన కూర్చుని, ఈ పుస్తకం నువ్వు ఇంతకు ముందు తీసుకోలేదా అని అడిగారు. నేను గూడ్సు బండి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పట్టాల మీద అప్పుడు గూడ్సు బండి లేదు.

"ఇయ్యి కొత్తగా వచ్చినాయి కదా ఆంటీ," అంది ఆ పిల్ల తల ఎత్తకుండానే. "ఇన్నాళ్ళూ లోపల స్కూలు పుస్తకాలే ఉండీవి. అందుకే ఎవులూ రాలేదు."

ఆవిడ తల తిప్పారు. పక్కన తడిసి కుప్పగా పడున్న బ్రౌన్ అట్టల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

"టోకెన్లు ఇచ్చానన్నావు."

తల దించుకున్నాను.

"బిస్కెట్లు ఎవరు తిన్నారు?"

నేనూ ప్రెసిడెంటూ అని చెప్పాను. నా పక్కన నిలబడ్డ ప్రెసిడెంటు అప్పుడే అర్జెంటుగా రేకు సంగతి చూడ్డానికి నిచ్చెనెక్కాడు.

"వార్డులో నేనూ నొప్పుండదని పిల్లలకి అబద్ధం చెప్పేదాన్ని తమ్ముడూ. చెప్పి సూది గుచ్చేదాన్ని. నువ్వు సూది గుచ్చడం మానేసి, నొప్పుండదని చెప్పుకుంటూ కూర్చున్నావు."

నా ఇన్నేళ్ళ వాగుడికి ఇంత పొట్టి సమాధానం ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల చెప్పిన రోజే మీకు చెప్పాల్సింది, మీరు బాధపడతారని చెప్పలేకపోయాను అన్నాను. అందులో అతిశయోక్తి లేదని ఆవిడకు తెలిసినట్టుంది. మెత్తబడ్డారు. వార్డులో ఈ పుస్తకాలకి ఒక్క అట్టా ఉండేది కాదని, మందు మరకలతో, పాల మరకలతో చేతులు మారేవని, రిటైరయ్యాక ఒంటరిగా కూర్చుని వాటి మరకలు తుడవడం మొదలుపెట్టాకే తనకు ఈ అట్టల పిచ్చి పట్టిందని చెప్పారు. చెబుతూనే పులి పుస్తకం చివరి పేజీ విడదీయడానికి ఆ పిల్లకు సాయం చేశారు. వార్డులో ఎవరో మందు ఒలకబోసిన మరక ఒకటి ఆ పేజీ మీద ఇంకా ఉంది.

ప్రెసిడెంటు నిచ్చెన మీద నుంచి వీధంతా చూశాడు. అలవాటైన ఎత్తు కదా, అక్కణ్ణించి అతనికి సంగతి స్పష్టంగా కనబడినట్టుంది. చవితికి ఇంకా పది రోజులుండగానే డప్పులు వాళ్ళ మేడెక్కాయి. వాళ్ళావిడ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. ఏనుగు తల మాత్రం కదల్లేదు. ఇప్పుడు చిన్నపిల్లలు ముగ్గురు దాని చెవి నీడలో కూర్చుని చదువుకుంటారు.

కొన్ని పుస్తకాలు ఉబ్బి రెట్టింపయ్యాయి, బీరువా తలుపు పట్టదు. సిస్టరమ్మ గారు ప్రతి ఆదివారం మధురవాడ నుంచి బస్సులో వస్తారు. మొన్నొక ఆదివారం చేతిసంచీలోంచి మిగిలిన బ్రౌన్ పేపరు చుట్ట, కత్తెర, చీటీలు బయటికి తీసేసరికి నేను వెళ్ళి బీరువాలకు అడ్డంగా నిలబడ్డాను. పుస్తకాల వైపు ఆవిడ చూడలేదు. మూల కూర్చుని, కొత్తగా తెచ్చిన బిస్కెట్ల డబ్బాకి చక్కగా అట్ట వేశారు. మూలలు మళ్ళీ అంత పదునుగానూ వచ్చాయి. చీటీ మీద పేరు దగ్గర "పిల్లలు" అని రాశారు.

నేనూ ప్రెసిడెంటూ దాన్ని ఇంతవరకు ముట్టుకోలేదు.