గుడ్డ కింద ఎర్ర రీలు

“దీనికి ఏదీ గుర్తుండదేమో అత్తా. కళ్ళ ముందు ఉన్నంతసేపే ఏదైనా. కనబడకపోతే ఇక ఆ వస్తువే లేదు దీనికి.”

మేనకోడలు ఆ మాట అనేసరికి అత్త పెదాల మధ్య రెండు గుండుసూదులున్నాయి. వాటిని అలా పట్టుకునే మాట్లాడటం ఆవిడకి ఎప్పటి అలవాటో.

“ఎవరికి, గుండీకా? పొద్దున కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు. మరి నన్నేం చేస్తావు?”

“నవ్వులాట కాదత్తా.”

“నేనెక్కడ నవ్వాను? నవ్వితే సూదులు మింగుతాను.”

వీధి వీధంతా ఆవిడని కత్తెరత్త అంటుంది. మేనకోడలికి మాత్రం సొంత మేనత్త, నాన్నకి అక్క. కింది వాటాలో ముందు గది ఆవిడ కుట్టు దుకాణం. పై వాటాలో మేనకోడలు, ఆమె భర్త, తొమ్మిది నెలలు నిండిన పాప. ముఖం గుండ్రంగా ఉందని పాపకి గుండీ అని ముద్దుపేరు పెట్టింది అత్తే. మేనకోడలు నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో తిరిగి ఉద్యోగానికి వెళ్ళినప్పటి నుంచి పగలంతా గుండీ అత్త దగ్గరే, కుట్టుమిషను పక్కన పరిచిన చాప మీద.

భయం పట్టుకున్నది ముందురోజు సాయంత్రం. పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ తల్లి గొంతు పోల్చుకుంటుందని మేనకోడలు చదివింది. నెలలు గడిచేకొద్దీ ముఖాలు, ఆ తర్వాత స్నానం ముందు వినిపించే నీళ్ళ చప్పుడు లాంటివి గుర్తుపడుతుందని చదివింది. తొమ్మిదో నెల ప్రాంతంలో చాలామంది పిల్లలు తమ ఎదుట దాచిన వస్తువు కోసం వెతుకుతారట. కంటికి కనబడనిది కూడా ఎక్కడో ఉందని మనసులో పట్టి ఉంచుకోవడం అప్పుడు బయటపడుతుందట. సరే చూద్దామని, గుండీకి ప్రాణమైన ఎర్ర దారపు రీలు నేల మీద పెట్టి, పాప చూస్తుండగానే రుమాలు కప్పింది.

గుండీ రుమాలు వంక చూసింది. అమ్మ ముఖం వంక చూసింది. తర్వాత తన పిడికిలి తనే నోట్లో పెట్టుకుంది.

తువ్వాలు కప్పినా అంతే. దుప్పటి కప్పినా అంతే. భర్త “ఆకలేమో” అన్నాడు, “నిద్రొస్తోందేమో” అన్నాడు, చివరికి తనే నిద్రపోయాడు. ఆమెకి మాత్రం కన్ను మూతపడలేదు. తెల్లవారగానే పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి సోమవారానికి టైము తీసుకుని, తిన్నగా కిందికి దిగి వచ్చింది.

“సోమవారం వెళ్ళు, వద్దనను,” అంది అత్త. “ఈలోపు పిల్లని భయపెట్టకు.”

“భయపెట్టడం కాదత్తా. పగలంతా మిషను చప్పుడే కదా దీనికి. నాలుగు మాటలు చెప్పేవాళ్ళెవరు ఇక్కడ?”

అనేశాక నాలుక కరుచుకుంది. అత్త మిషను దడదడా పరిగెత్తింది. కోపం వస్తే ఆవిడ నోరు ఆగిపోతుంది, కాలు ఆడుతుంది.

ఆ కాలికి ఆ వేగం వచ్చింది యూనిఫారాల ఫ్యాక్టరీలో. పదహారేళ్ళ వయసులో చేరితే ఆవిడకి కాలర్లు ఇచ్చారు. కాలర్ తర్వాత కాలర్, అంతే. పక్క బల్ల మీద చొక్కా చేతులు ఎలా అతుకుతున్నారో చూద్దామని ఒక ముక్క అందుకోబోతే, సూపర్‌వైజరు వెనకనుంచి “చెయ్యి తియ్!” అనేవాడు. కొన్నాళ్ళకి అతను అనక్కర్లేకుండానే చెయ్యి ఆగిపోయేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక చూసుకుంటే, అన్నేళ్ళు చొక్కాల మధ్య బతికిన మనిషికి ఒక్క చొక్కా కుట్టడం రాదు. అప్పుడు తమ్ముడి పాత చొక్కా ఒకటి అడిగి తెచ్చుకుని, కుట్టు కుట్టూ విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్ళీ కలిపి కుట్టింది. ఆ తమ్ముడే మేనకోడలి తండ్రి. “అది వేసుకుని ఆఫీసుకి వెళితే, నేను వస్తున్నానా పోతున్నానా అని అడిగారు. ఒక చెయ్యి వెనక్కి తిప్పి అతికింది మీ అత్త,” అని ఆయన ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

ఆ రోజు మేనకోడలికి సెలవు. పైకి వెళ్ళలేక, అత్తకి ఎదురుపడి మాట్లాడలేక, చాప పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. బడి పంతులమ్మ ఒకావిడ కర్టెన్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. అత్త పాత కర్టెన్ నుంచి సూదులు పీకి పళ్ళెంలో వేసి, కత్తిరించిన ముక్క దాని మీద పడేసి, మళ్ళీ మిషను తొక్కసాగింది. గుండీ పాకుతూ వచ్చి ఆ ముక్క అంచు మీద చెయ్యి వేసింది.

“ఉహూఁ!” అంది అత్త, తలెత్తకుండానే.

గుండీ చెయ్యి ఆగింది. గుడ్డ వంక చూసింది. అత్త ముఖం వంక చూసింది. పిడికిలి నోట్లో పెట్టుకుంది.

మేనకోడలు గోడ వదిలి ముందుకు వంగింది. “అత్తా! అలా రోజూ అంటావా?”

“ఎలా?”

“ఉహూఁ అని.”

“అనకపోతే? ఇక్కడ ఏ గుడ్డ ఎత్తినా కింద సూదో బ్లేడో. బంగారుతల్లి, ఇట్టే పట్టేసింది. ఈమధ్య నేను అనకపోయినా ఆగిపోతోంది తెలుసా?”

పంతులమ్మ “మా క్లాసులో ఒక్కడూ అలా ఆగడు, నాకు ఆ ఉహూఁ నేర్పండి” అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

ల్యాబులో సీసాలన్నీ ఒకే తప్పు చూపిస్తే నీళ్ళని కాదు, ముందు నువ్వు వాటిలో కలిపిన పరీక్ష మందుని అనుమానించు అని కొత్తవాళ్ళకి మేనకోడలే చెబుతుంది. సొంత బిడ్డ దగ్గర ఆ సంగతే తట్టలేదు. రుమాలు, తువ్వాలు, దుప్పటి. మూడూ గుడ్డలే! మెట్లు ఎక్కి వెళ్ళి స్టీలు గిన్నె తెచ్చింది. ఎర్ర రీలు పెట్టి గిన్నె బోర్లించింది. గుండీ రెండు చేతులా గిన్నెని తోసింది. అది దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. రీలు పట్టుకుని గుండీ కేరింత కొట్టింది. మళ్ళీ పెడితే మళ్ళీ తోసింది.

“మరచిపోలేదత్తా! గుర్తుండబట్టే ముట్టుకోలేదు! గుడ్డ ఎత్తకూడదని నేర్చుకుంది, ఆ నేర్చుకున్నది ఇక్కణ్ణుంచి పైకి మోసుకెళ్ళింది!” ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

అత్త నవ్వలేదు. మిషను ఆపి, పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చింది.

“అయితే దీనికి ‘చెయ్యి తియ్’ అన్నదాన్ని నేనన్నమాట,” అంది.

“నువ్వు అనకపోతే ఈపాటికి సూది మింగేదత్తా.”

“అదీ నిజమేలే.” కానీ ఆ సాయంత్రమే సూదులు, బ్లేడ్లు మూత ఉన్న డబ్బాలోకి, ఆ డబ్బా పై అరలోకి వెళ్ళిపోయాయి. కత్తెర గోడ మేకుకి ఎక్కింది. చాప మీదకి మెత్తటి గుడ్డముక్కల బుట్ట వచ్చింది.

సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానలేదు. డాక్టరమ్మ గుండీని కాసేపు ఆడించి, పలకరించి, ఏ ఇబ్బందీ కనబడలేదంది. అయినా మేనకోడలి మనసు కుదుటపడితేనా! మరి జన్మలో గుడ్డ ఎత్తదా? నేర్చుకున్నది పోయేదెలా? రోజూ ల్యాబు నుంచి వస్తూనే చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా చాప మీద కూలబడటం, రీలు మీద గుడ్డముక్క వేయడం, “ఎత్తమ్మా, ఎత్తు” అని పాప మణికట్టు పట్టి గుడ్డ దాకా లాగడం. గుండీ చెయ్యి వెనక్కి గుంజుకుని రాగం తీసేది. అత్త చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఒక సాయంత్రం అత్త కుడుతున్న కర్టెన్ జారి నేల మీద రీలుని కప్పేసింది. గుండీ ఆగింది. అత్త ముఖం వంక చూసింది. అత్త సూదిలో దారం ఎక్కిస్తూ చూపు తిప్పలేదు. గుండీ కర్టెన్ అంచు కొద్దిగా లేపింది. వదిలేసింది. మళ్ళీ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఈసారి మొత్తం లాగేసింది.

“అత్తా! ఎత్తింది! గుండీ, మళ్ళీ, ఏదీ, మళ్ళీ ఒక్కసారి!” మేనకోడలు ఒక్క ఉదుటున వంగి, రీలు లాక్కుని, పాప చెయ్యి పట్టుకుంది. గుండీ పెదవి వంకర తిరిగింది.

“చెయ్యి తియ్!” అంది అత్త.

మేనకోడలు ఉలిక్కిపడి వదిలేసింది.

ఇప్పటికీ ఆమెకి నిమిషం నిలకడ లేదు. గుండీ మాట ఎప్పుడంటుందో, అన్న మాట మర్నాటికి గుర్తుంటుందో లేదో, రోజుకో కొత్త దిగులు. కానీ పాప ఎదుట కూర్చున్నప్పుడు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. ఆ సాయంత్రం అత్త సూదిని పక్కన పెట్టి, రీలుని గుండీ వైపు దొర్లించి చెప్పిన మాటే దానికి కారణం:

“సాగే గుడ్డని పట్టి లాగి కొలిస్తే, వచ్చేది నీ చేతి బలమే కోడలా, గుడ్డ కొలత కాదు. నేల మీద పరిచి, చేతులు తియ్, అది సర్దుకునేదాకా ఊరికే కూర్చో. అప్పుడు చూడు.”