పదిహేను పీర్ల పండుగలు: ముల్కీ కాగితం కోసం నారాయణఖేడ్‌కు

చదువుకోవడానికి పరాయి దేశం వెళ్లిన పిల్లలు అక్కడ ఉండటానికి కాగితం సంపాదించేందుకు ఎన్ని పాట్లు పడుతున్నారో ఈమధ్య చాలామంది రాస్తున్నారు. అవి చదివినప్పుడల్లా ఎనభై దాటిన ఈ వయసులో నాకు నారాయణఖేడ్ గుర్తొస్తుంది. నేను ఏ దేశమూ వెళ్లినవాణ్ణి కాదు. మా అమ్మానాన్నలే నన్ను చంకనేసుకుని కృష్ణా జిల్లా నుంచి నిజాం ఇలాకాలోకి వచ్చారు. ఆ రోజుల్లో అదీ పరాయి దేశమే. రూపాయి వేరు, కచేరీ భాష వేరు. నాన్న ఖేడ్‌లో పత్తి గిర్నీకి ఇంజను మేస్త్రీ. వచ్చేనాటికి నాకు రెండేళ్లు. తర్వాత హైదరాబాదులో ఇంటర్ చదువుతూ సర్కారు వజీఫాకు, అంటే స్కాలర్‌షిప్పుకు, దరఖాస్తు పెడితే గుమాస్తా ముల్కీ సర్టిఫికెట్ ఏదన్నాడు. పదిహేనేళ్లుగా నిజాం రాజ్యంలోనే ఉంటున్నామని తాలూకా కచేరీ రాసిచ్చే కాగితం అది. లేకపోతే నేను గైరు ముల్కీని, అంటే బయటివాణ్ణి. వజీఫా రాదు, హాస్టల్లో చోటుండదు. గిర్నీ మూతపడి నాన్న అప్పటికే బీదరులో ఏదో చిన్న పనికి కుదిరాడు. వజీఫా రాకపోతే నేనూ పుస్తకాలు కట్టిపెట్టి ఆయన పక్కన నూనె గుడ్డ పట్టుకోవాల్సిందే. గడువు ఎనిమిది రోజులే ఉంది.

చలికాలం. పొద్దున ఆరు గంటలకు జోగిపేట మోటారు ఎక్కాను. టికెట్టు నిజాం నాణెం హాలీ సిక్కాలో రూపాయి పన్నెండణాలు. యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క మోటారు వెనక బొగ్గు కొలిమి తగిలించి ఆ పొగతోనే నడిపేవారు. చదును నేల మీద బాగానే పోయేది. మిట్ట వచ్చిందంటే ఆయాసం. సంగారెడ్డి దాటాక ఒకచోట డ్రైవరు వెనక్కి తిరిగి, "జర దిగుండ్రి. గడ్డెక్కినంక మల్ల ఎక్కించుకుంట" అన్నాడు. అందరం దిగి నడిచాం. పక్కనే నడుస్తున్న క్లీనరును ఖేడ్ ఎప్పటికి చేరతామని అడిగాను. "బొగ్గు మంచిగుంటే మూడింటికి. లేకుంటే నేనేం జెప్త?" అన్నాడు. జోగిపేటలో బండి మారి, ఇంకో పద్నాలుగణాలిచ్చి, అణా పెట్టి చాయ్ తాగి, ముక్కు నిండా బొగ్గు పొగతో నాలుగింటికి ఖేడ్‌లో దిగాను. దారి పొడవునా కంది చేలు కోతకొచ్చి ఉన్నాయి. ఆ ఎండిన కంది వాసన తగిలేసరికి ఊరికి వచ్చానన్న సంతోషం వేసింది. దాని వెనకే సిగ్గు కూడా.

ఆ సిగ్గుకు కారణం చెప్పాలి. మేం ఖేడ్‌కు వచ్చిన కొత్తలో నాకు జ్వరం పట్టుకుని వదల్లేదట. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పోయారు కాబట్టి అమ్మ నీరుగారిపోయింది. పక్కింటి బాలవ్వ నన్ను పీర్ల కొట్టం దగ్గరికి ఎత్తుకెళ్లి, మెడలో ఎర్ర దారం కట్టి, బతికితే వచ్చే పీర్ల పండుగ, అంటే మొహర్రం నుంచి ఏటేటా ఫకీరును చేస్తానని మొక్కింది. మన పక్క హిందువుల ఇళ్లలో ఇది వింతేమీ కాదు. పీర్ల పండుగకు పిల్లవాడి భుజాన జోలె వేసి ఐదిళ్లు తిప్పుతారు. అడుక్కొచ్చిన దానితో రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి పీర్లకు పెడతారు. నాకు గుర్తున్న మొదటి పండుగ మామిడికాయల కాలంలో వచ్చింది. కాళ్లు కాలుతుంటే నీడ వెతుక్కుంటూ తిరిగాను. ఏటికేడు ముందుకు జరుగుతూ జరుగుతూ, నేను మీసాలవాణ్ణయ్యేసరికి అది చలిలోకి వచ్చేసింది. బీదరులో హైస్కూలు చదివిన రోజుల్లోనూ ఏ ఏడూ తప్పలేదు. కాలేజీలో చేరాక మాత్రం నా మెడలో దారం చూసి హాస్టలు మిత్రులు ఒకటే ఎగతాళి. దారం తీసి పెట్టెలో వేశాను. ఈ ప్రయాణానికి నెల ముందు వచ్చిన పండుగకు, పరీక్షలున్నాయని బాలవ్వకు జాబు రాసి, వెళ్లలేదు. పరీక్షలేమీ లేవు.

మోటారు దిగి నేరుగా పట్వారీ ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని అడకత్తెరతో వక్క కత్తిరిస్తున్నాడు. సంగతంతా విని, "మీ నాయిన పేరు దఫ్తర్ల ఎట్లుంటది? భూమున్నదా, ఇల్లున్నదా? కిరాయింట్ల ఉన్నోన్ని ఎవడు రాస్తడు?" అన్నాడు.

"గిర్నీ కాగితాల్లో ఉంటుంది కదా?"

"గిర్నీయే లేదు, ఇగ కాగితాలేడియి? ఊర్లె ఎవలన్న గవాయి చెప్పాలె. మీ సుట్టం గావద్దు. పదిహేనేండ్ల సంది నిన్ను సూసినోళ్లుండాలె. రేపు పదింటికి తహసీల్దార్ కూసుంటడు, తీస్కరా."

ఆ సాక్ష్యం చెప్పడానికి, పదిహేనేళ్లుగా నన్ను చూసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆమె గడప తొక్కడానికి నాకు ధైర్యం చాలక బజారులో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. చివరికి వెళ్తే బాలవ్వ కంది కట్టెలు కట్టగడుతోంది. నన్ను చూసి చేతులు దులుపుకుంది. "తిన్నవా?" అంది. లేదన్నాను. జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టింది. పండుగకు ఎందుకు రాలేదని అడుగుతుందేమోనని తలెత్తకుండా తిన్నాను. అడగలేదు. కాగితం సంగతి చెబితే, "పొద్దుగాల్ల పోదాం తియ్" అని మళ్లీ కట్టెల దగ్గరికి వెళ్లిపోయింది. పని పడి వచ్చినవాడికి రొట్టె పెట్టి నోరెత్తకపోతే ఆ రొట్టె ఎంత కష్టంగా దిగుతుందో ఆ రోజే తెలిసింది.

మర్నాడు కచేరీ వరండాలో పట్వారీ ఆమెకు నూరిపోశాడు. "పదిహేనేండ్లు అను, ఊకో. ఎక్కువ మాట్లాడకు." ఆమె తలూపింది. తహసీల్దారు హైదరాబాదు మనిషి. కళ్లద్దాల మీదుగా చూస్తూ, "ఈ పిల్లగాడు ఎన్నేండ్లుగా ఇక్కడున్నడు?" అన్నాడు.

"పదిహేను."

"ఎట్ల ఎరుక?"

"ఎరుక లేకేంది సర్కార్? పదిహేను పీర్లాయె" అంది బాలవ్వ. పట్వారీ నుదురు రుద్దుకున్నాడు. ఆమె మాత్రం వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. "మొదటేడు సంకలేసుకొని తిప్పిన. రెండో ఏడు నడిచిండు గని కుక్కను జూసి ఏడ్సిండు. నాలుగో ఏడు జోలెల బెల్లమంత వీడే తిన్నడు, మలీదకు నేను మల్ల కొనుక్కొచ్చిన. ఏడో ఏడు పండ్లూడి మాట సక్కగ రాలే..." అలా ఒక్కొక్కటే చెబుతుంటే గుమాస్తాలు కలాలు ఆపి వింటున్నారు. నాకే గుర్తులేని నా బాల్యమంతా తాలూకా కచేరీలో ఒక్కొక్క వేలుగా మడత పడుతోంది. పద్నాలుగు దాకా చెప్పి ఆగింది.

"మరి ఈ ఏడు?" అన్నాడు తహసీల్దారు. ఆమె నేల చూసింది. ఆయన నావైపు తిరిగాడు. "వచ్చినవా?"

వచ్చానంటే సరిపోయేది. పట్వారీ గొంతు సవరించుకుంటూ నన్నే చూస్తున్నాడు. కానీ ఆమె ముందు నిలబడి ఆ అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "రాలేదు సార్" అన్నాను.

"రాలే సర్కార్" అంది బాలవ్వ అప్పుడు. "సదువుల ఉన్నడు, ఎట్లొస్తడు? వీని జోలె నేనే ఏసుకొని ఐదిండ్లు తిరిగిన. నా పేరు మీద గాదు, వీని పేరు మీదనే అడుక్కున్న. పదిహేను పూరా అయినయి."

నాకు ఆ మాట అప్పటిదాకా తెలియదు. అరవై దగ్గరపడిన మనిషి, సొంత చేను ఉన్న ఇల్లాలు, పిల్లవాడి జోలె భుజాన వేసుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. రాత్రి నాకు రొట్టె వడ్డిస్తూ కూడా ఆ సంగతి ఎత్తలేదు. కళ్లు తుడుచుకుంటే అందరికీ కనబడుతుందని గోడకేసి తిరిగాను.

తహసీల్దారు పెన్సిలు తీసుకుని చాలాసేపు లెక్క వేశాడు. మొహర్రం ఏడాది చంద్రుడిది, పది పదకొండు రోజులు పొట్టిది. కచేరీ నడిచేది ఫసలీ లెక్కన, అది సూర్యుడిది. "పదిహేను మొహర్రములంటే ఫసలీల ఐదు నెలలు తక్కువైతది" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన నిబంధనల పుస్తకం తెరిచి, వేలితో ఒక వాక్యం చదువుకుని, మూశాడు. "పదిహేను సాల్ అని ఉన్నది. చంద్రుని సాలా, సూర్యుని సాలా రాయలే." గుమాస్తాను పిలిచి, ఆమె చెప్పింది చెప్పినట్టే, పదిహేను మొహర్రములు అని ఉర్దూలో రాయించి మొహరు వేశాడు. "పైన ఎవరన్న లెక్క పెడితే ఐదు నెలలాగి మల్ల రా" అన్నాడు. పైన ఎవరూ లెక్క పెట్టలేదు. నాకు వజీఫా వచ్చింది.

బయటికొచ్చాక బాలవ్వ కాళ్లు పట్టుకోబోయాను. "ఏందిరా గిది, లే. ఎండ పడుతది, కంది కొయ్యాలె" అని కొంగు నెత్తిన వేసుకుని చేను దారి పట్టింది. మరుసటి మొహర్రానికి మీసంతోనే వెళ్లాను. జోలె వేసుకుని ఐదిళ్లూ తిరిగాను. బాలవ్వ వెంట రాలేదు, అరుగు మీద కూర్చుని చూసింది. ఆ తర్వాత చదువులు, ఉద్యోగాలు, ఊళ్లు మారడాలు. ఎన్నో కాగితాలు సంపాదించాను. నేను ఫలానా ఊరివాణ్ణని వాటిలో రాసి ఉంటుంది గానీ, నేను లేనప్పుడు నా బదులు ఐదిళ్లు తిరిగే మనిషి మళ్లీ ఏ ఊళ్లోనూ దొరకలేదు. ఇది రాస్తుంటే ఆమె మీద బెంగగా ఉంది.

ఇప్పుడు హైదరాబాదు నుంచి ఖేడ్‌కు నేరుగా బస్సుంది. మిట్టల దగ్గర దిగి నడవక్కర్లేదు. ఎక్కడైనా ఉంటున్నామని రుజువు కావలసినవారికి నా సలహా ఒకటే. అద్దె రసీదులు, బడి కాగితాలు దాచుకోండి, అవి పనికొస్తాయి. కానీ మీ కోసం సాక్ష్యం చెప్పగల మనిషి ఇంటికి, కాగితం అవసరం పడకముందే ఒకసారి వెళ్లి భోంచేసి రండి.