పేజీ తెల్లబడే దాకా

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అన్నీ రాసుకునే నా డైరీలో కూడా ఆ రోజు తేదీ కింద ఖాళీగానే వదిలేశాను. నిన్న రేషన్ కార్డు పని మీద ఫోన్లో ఫోటో ఎక్కిస్తుంటే, పేజీ కదలకుండానే కింద పచ్చటి గీత ఒకటి మెల్లగా పాకి తన పని తాను ముగించుకుంది. అది చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు అల్లూరులో ఒక నెట్ సెంటర్‌లో పనిచేశాను. మనుషులతో మాట్లాడాలంటే బెదిరిపోయే నాకు, తెర వంక చూస్తూ గడిపే ఆ పని బాగుండేది. మీలో ఎవరైనా ఆ రోజుల్లో దరఖాస్తులు నింపి ఉంటే గుర్తుండే ఉంటుంది, ఒక్కో కాగితం ఎక్కించినప్పుడల్లా పేజీ అంతా తెల్లబడిపోయి, సిగ్నల్ దయతలిస్తే తిరిగి వచ్చేది. అంతసేపూ కుర్చీలో నేనూ, వెనక నిలబడ్డవాళ్ళూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. తెల్లబడి తిరిగొస్తేనే కాగితం చేరినట్టని సెంటర్ నడిపే అన్న నేర్పాడు. ఆ పాఠం నా వేళ్ళలోకి ఎక్కింది.

మా పెద్దమ్మ కూతురు నర్సింగు సీటుకు దరఖాస్తు పెట్టడానికి ఆఖరి రోజున వచ్చింది. సముద్రపు వేట మీద బతికే ఆ ఇంట్లో ఇంటర్ దాటింది అక్క ఒక్కతే. ఈసారి సీటు రాకపోతే రొయ్యల కంపెనీకి పంపుతానని పెదనాన్న తేల్చి చెప్పాడు. ఆ ఏడాదే సైటు మార్చారు. కుల ధ్రువపత్రం ఎంచుకున్నాను, ఫైలు పేరు పడింది, పక్కన చిన్న చక్రం తిరుగుతోంది, పేజీ మాత్రం కదల్లేదు.

"పొయ్యిందా మే?" అంది అక్క, నా భుజం మీద గడ్డం ఆనించి.

"ఇంకా లేదుక్కా, తెల్లబడలా."

"తెల్లబడేదానికి అదేమన్నా మా నాయన పంచా? ఏదో ఒకటి నొక్కు."

నవ్వుతూ పేజీని నేనే రిఫ్రెష్ చేశాను. తెల్లబడింది, తిరిగొచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. కిందికి జరిపి చూడకుండానే సబ్మిట్ నొక్కేశాను.

ఆ కొత్త సైటులో పేజీ తెల్లబడకుండానే కాగితం చేరుతుందని, సగం దారిలో ఉన్నదాన్ని నేనే తెంపేశానని జాబితా వచ్చాక గానీ తెలియలేదు. ధ్రువపత్రం లేదని అక్కను ఓపెన్‌లో కలిపేశారు. రిజర్వేషన్‌లో అయితే ఆ మార్కులకు సీటు వచ్చి ఉండేది. దరఖాస్తు ప్రింటు తీసి చూస్తే ఆ గడి ఖాళీ. తప్పు నాదని ఏ ఆఫీసులోనో చెప్పుకుని ఉంటే ఏమయ్యేదో, నాకు నోరు రాలేదు. సైటు తప్పని అక్కకు చెప్పి, ఆ ప్రింటు మడిచి పుస్తకంలో దాచాను.

ఇప్పటి పిల్లలు ఎవరి వెనకా నిలబడనక్కర్లేదు, కూర్చున్నచోటి నుంచే అన్నీ పంపుకుంటారు. పేజీ తెల్లబడే దాకా ఆగనక్కర్లేని సుఖం మా సెంటర్‌కు ఆ రోజే వచ్చింది. నేను గుర్తుపట్టలేకపోయాను.

గూడూరు అవతల ఎక్కడో ఉన్న కంపెనీకి బస్సెక్కబోతూ అక్క సెంటర్ ముందు ఆగింది. నా కన్నీళ్ళు తను వెళ్ళిపోతున్నందుకే అనుకుంది. ఆ తర్వాత ఆమె ఫోన్ చేసినప్పుడల్లా నేను ఎత్తలేదు, కొన్నాళ్ళకు చేయడమే మానేసింది. అందుకే, బస్సు హారన్ కొడుతుంటే నా చెంప తుడిచి ఆమె అన్నవే నేను విన్న ఆఖరి మాటలు:

"ఏడవబాక మే. వచ్చే ఏడు మళ్ళా పెడదాం లే. ఎవురి దగ్గరికీ పోను, నువ్వే నింపాల."